గల్లా దాటని మాట

చేవెళ్లలో పాత కారు కొనబోయేవాడు ముందుగా కన్యకమ్మకు తీరిక ఉందో లేదో కనుక్కుంటాడు. బస్టాండు దగ్గర బండ్ల విడిభాగాల దుకాణం వాళ్లది. భర్త పరమేశ్వర్ సరుకు కోసం పట్నం చుట్టూ తిరుగుతుంటాడు, గల్లా మీద కూర్చునేది ఆమె. కోడలిగా వచ్చిన కొత్తలో ఆమెకు నట్టుకూ బోల్టుకూ తేడా తెలియదు. ఇప్పుడు రోడ్డు మీద పోయే బండి మూలుగు విని, దానికేం కావాలో చెప్పేస్తుంది. ఇది చూసి కొందరు మెకానిక్కులు మూతి తిప్పుకుంటారు. తిప్పుకోనీ. సొంత చెల్లెలికి కారు కొనాల్సి వస్తే వాళ్లూ ఆమెనే పిలుస్తారు.

బండి చూడటంలో ఆమెకు కొన్ని పట్టింపులున్నాయి. తెల్లారగానే వెళ్లాలి, అదీ కబురు పెట్టకుండా. "పెండ్లిచూపులకు ఎవరైన పౌడర్ కొట్టుకొనే కూసుంటరు. నిద్ర లేవంగనే చూడాలె" అంటుంది. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెడుతుంది. వెచ్చగా ఉందంటే మొండికేసే ఇంజన్‌ను ముందే తిప్పి ఉంచారన్నమాట, ఇంక అక్కడ నిలబడదు. వాన రోజు గడప దాటదు, ఎందుకంటే తడి మీద కొత్త రంగూ పాత రంగూ ఒకేలా మెరుస్తాయి. సీటు బెల్టును చివరిదాకా గుంజి చూస్తుంది. వరదలో మునిగిన బండిని ఎంత కడిగినా, లోపల చుట్టుకొని ఉండే బెల్టుకు బురద మరక మిగులుతుంది. ఈ విద్యలేవీ ఆమె దాచుకోదు. అడిగినవాళ్లకే కాదు, అడగనివాళ్లకు కూడా చెబుతుంది.

ఆమె దాచుకునేది ఒక్కటే: తన దగ్గర ఎవరు ఏ సామాను కొన్నారన్నది. గల్లా అప్పజెప్పిన రోజు మామగారు చెప్పిన మాట అది. హెడ్‌లైటు కొన్నవాడు ఎక్కడో గుద్దుకొనే ఉంటాడు. తాగి గుద్దాడో, కునుకుపట్టి గుద్దాడో, అది అతని ఇంటి సంగతి. మనం నోరు జారితే అతని పరువూ పోతుంది, మన దుకాణం మీద నమ్మకమూ పోతుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పాత షావుకార్లు అంటుంటారు. కన్యకమ్మ ఇన్నేళ్లలో ఆ మాట తప్పలేదు. అది తన కన్నబిడ్డ మీదికే వస్తుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

కూతురు అక్షిత మొయినాబాద్ దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. బస్సుల్లో నలిగి నలిగి, సొంత జీతంతో కారు కొనుక్కుంటానని పట్టుబట్టింది. ఒక సాయంత్రం మొహం వెలిగిపోతూ ఇంటికొచ్చింది. సురంగల్ ఊళ్లో ఉండే జగదీశ్ తన కారు అమ్ముతున్నాడట, కడిగిన ముత్యంలా ఉందట, పైగా మన దుకాణానికి ఎప్పటినుంచో వచ్చే మనిషే కదా అంది.

ఆ కారు సంగతి కన్యకమ్మకు తెలుసు. పోయిన వానాకాలంలో ఆ కారుకే బంపరు, రేడియేటరు, రెండు హెడ్‌లైట్లు జగదీశ్ ఆమె చేతుల మీదుగా తీసుకుపోయాడు. ముందు భాగం గట్టిగానే గుద్దుకుందని చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఊరికే వద్దంటే అక్షిత వినదు. కారణం లేకుండా తల ఊపే పిల్ల కాదది. కారణం చెబితే గల్లా మీద కూర్చునే అర్హత పోతుంది.

"ఈసారి బండి నువ్వే చూడాలె. నేను పక్కన నిలబడుత, నోరు తెరువ" అంది చివరికి.

అమ్మ తనకు పరీక్ష పెడుతోందనుకొని అక్షిత నవ్వింది. బయానా డబ్బు చేతులు మారేలోగా పిల్ల కనిపెట్టకపోతే, మామగారి మాట గట్టున పెట్టి అంతా చెప్పేయాలని కన్యకమ్మ నిశ్చయించుకుంది. కూతురి ప్రాణం కంటే ఏ మాటా ఎక్కువ కాదు. కానీ ఆ పిల్ల మీద ఆ మాత్రం నమ్మకం లేకపోతే ఇన్నాళ్లు నేర్పిందెందుకు?

మర్నాడు తెల్లవారుతూనే తల్లీకూతుళ్లు స్కూటీ మీద సురంగల్ చేరారు. జగదీశ్ వేపపుల్ల నోట్లో పెట్టుకొనే ఎదురొచ్చాడు. కన్యకమ్మను చూసి అతని మొహం ఒక్క క్షణం పాలిపోయింది, మళ్లీ సర్దుకున్నాడు. అక్షిత బానెట్ మీద చెయ్యి పెట్టింది, చల్లగా ఉంది. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ లేదు. బెల్టు శుభ్రంగా ఉంది, టైర్లు సమంగా అరిగాయి, డిక్కీలో చాప ఎత్తితే తుప్పు మచ్చ లేదు. హెడ్‌లైట్లు కొత్తగా ఉన్నాయేమిటని అడిగితే, పాతవి మసకబారాయని చెప్పాడు జగదీశ్. పట్నంలో ఎవరో గట్టి పనివాడే దిద్దినట్టున్నాడు, రంగులో వెంట్రుకంత తేడా కనిపించలేదు.

అక్షిత బయానా ఇవ్వడానికి బ్యాగు తెరిచింది. కన్యకమ్మ గొంతు సవరించుకొని నోరు తెరిచింది. అంతలోనే అక్షిత "ఒక్క నిమిషం అన్నా" అని బ్యాగు మూసి, మళ్లీ కారులో కూర్చుంది.

ఇంజన్‌ను లేపకుండా తాళం సగం తిప్పి ఆగింది. అప్పుడు ముందు పలకలో ఎర్రదీపాలన్నీ వెలగాలి. నూనెది వెలిగింది, బ్యాటరీది వెలిగింది. గుద్దుకున్నప్పుడు స్టీరింగులోంచి పొంగి మనిషిని కాపాడే ఎయిర్‌బ్యాగ్ దీపం మాత్రం అసలు వెలగనే లేదు. ఆ సంచి ఒకసారి పేలితే కొత్తది పెట్టాలి. అది పెట్టకుండా పైన మూత బిగించి, గుట్టు బయటపడకుండా దీపం తీగ కోసేసే ఘనులుంటారు. పైన పటారం, లోన లొటారం అంటే అదే.

"అన్నా, బండి ముందట గుద్దిందా?" అని అడిగింది అక్షిత.

జగదీశ్ ఈసారి అబద్ధమాడలేదు. కొండకల్ దగ్గర ట్రాలీకి గుద్దిన సంగతి ఒప్పుకున్నాడు. సంచులు కొత్తవి వేశానని పనివాడు చెబితే నమ్మాడట. ఇన్నాళ్లూ తన పిల్లలు ముందు సీట్లోనే కూర్చున్నారని గుర్తొచ్చి, గుమ్మం మీద చతికిలబడ్డాడు. అక్కడినుంచే కన్యకమ్మ వైపు చూశాడు.

"సామానంత నీ కాడనే కొన్న గదక్కా. సొంత బిడ్డకు గూడ చెప్పలేదా?"

"దుకాణంల కొన్నది దుకాణంలనే ఉంటది, జగదీశ్" అంది కన్యకమ్మ.

సంచులు వేయించాకే, గుద్దిన సంగతి చెప్పే అమ్ముతానని జగదీశ్ పిల్లల మీద ఒట్టేశాడు. తిరుగుదారిలో అక్షిత స్కూటీని విసురుగా నడిపింది. చేవెళ్ల దగ్గరపడుతుండగా అడిగింది.

"నేను పట్టకపోతే ఏం చేస్తుంటివి?"

"చెప్పేటిదాన్నే. నోరు తెరిచిన కూడ. నువ్వే ముందుగాల చెయ్యి గుంజుకున్నవ్."

అక్షిత ముందున్న బస్సును దాటించింది. కోపం తగ్గిందో లేదో కన్యకమ్మకు వెనక సీట్లోంచి తెలియలేదు.

దుకాణం ముందు దిగేసరికి పరమేశ్వర్ గల్లా మీద ఉన్నాడు. కొనేవాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయనది సురంగలే.

"ఏమైంది బిడ్డా, కుదిరిందా బండి?" అన్నాడు పరమేశ్వర్.

"నచ్చలే బాపు. వేరేది చూస్త."

"ఎందుకు నచ్చలే? అంత మంచిగున్నదంటివి?"

"నచ్చలే, అంతే" అని అక్షిత గల్లా వెనక్కి వెళ్లి, ముందున్న మనిషిని ఏం కావాలని అడిగింది.

కన్యకమ్మ గడపలోనే నిలబడిపోయింది. ఆ క్షణంలో ఆమెకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఎర్రదీపం సంగతి తాను నేర్పింది. జగదీశ్ గుట్టు దాచిన ఈ మాట మాత్రం పిల్లకు ఎవరూ నేర్పలేదు.