తమ్ముడి కోసం నేర్చిన కారు

శుక్రవారం మధ్యాహ్నం రియాద్‌లో బతా సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. కరివేపాకూ మునక్కాయలూ కొనుక్కుని, పనిచేసే ఇంటికి తిరిగి వెళ్తున్నాను. పక్క వరసలోకి ఒక కారు వచ్చి నిలబడింది. తల తిప్పి చూడకుండానే అది అమెరికన్ కారని తెలిసిపోయింది. నిలబడి ఉన్నా దాని ఇంజను బరువుగా గుడగుడలాడుతూనే ఉంటుంది. ఆ అదురు ముందు నా సీటులోకి, తర్వాత స్టీరింగు మీదున్న వేళ్లలోకి, అక్కణ్ణుంచి గుండెల్లోకి పాకింది. రాయచోటి పక్కన పల్లెలో పుట్టి, పెళ్లయ్యేదాకా బస్సూ ట్రాక్టరూ తప్ప ఎరగనిదాన్ని. ఎనిమిది సిలిండర్ల చప్పుడు గుర్తుపట్టడం నాకు హెస్సా మదాము ఇంట్లో అబ్బింది. పచ్చదీపం పడి ఆ కారు వెళ్లిపోయింది. వెనకవాళ్లు హారన్లు కొట్టేదాకా నేను అభాలోనే ఉండిపోయాను.

అభా కొండల మీది ఊరు. పొద్దున్నే పొగమంచు దిగితే ఎదురింటి గేటు కూడా కనిపించదు. హెస్సా మదాము అక్కడ ఆడపిల్లల బడిలో భౌతికశాస్త్రం చెప్పేవారు. భర్త ఉద్యోగం జిజాన్‌లో, వారానికోసారి వచ్చేవాడు. వంటకూ ఇద్దరు పిల్లల్ని చూసుకోవడానికీ నేను చేరాను. రెడ్డెమ్మ అన్న నా పేరు ఆ ఇంట్లో ఎవరికీ పలకడం రాలేదు, అందరూ రదీమా అనేవాళ్లు. మదాము మాత్రం నా చేత పదేపదే చెప్పించుకుని, వారం తిరిగేసరికి ఒత్తులతో సహా సరిగ్గా పిలిచారు. పని మనిషి పేరు కోసం అంత కష్టపడడం ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

ఆడవాళ్లు కారు నడపొచ్చని అనుమతి వచ్చిన కొత్తలోనే ఆమె లైసెన్సు తీసుకున్నారు. అందరూ పెద్ద కుటుంబం కారు కొంటారనుకున్నారు. ఆమె రెండు తలుపుల జపాన్ స్పోర్ట్స్ కారు కొన్నారు. పొట్టి ముక్కు, తేలికైన ఒళ్లు, గేర్లు దానంతటదే మార్చుకునే రకం. పక్కింట్లో ఉండే తమ్ముడు ఫహద్‌ది అమెరికన్ మజిల్ కారు. పొడుగాటి బానెట్టు, వెడల్పాటి వెనక టైర్లు, చేత్తో వేసే గేర్లు. ప్రతి శుక్రవారం భోజనాల దగ్గర అక్కాతమ్ముళ్ల వాదన ఈ రెండు కార్ల మీదే.

మాంసం వేసి వండిన కబ్సా అన్నం పళ్లెం నేను నడుమ పెట్టేలోపే మొదలయ్యేది. అక్క కారుది కుట్టుమిషను చప్పుడని ఫహద్ అనేవాడు. నీది ఓడ, ఇవాళ తిప్పితే రేపు తిరుగుతుందని ఆమె అనేవారు. అది పాతకాలం మాటని అతను ఒప్పుకునేవాడు కాదు. ఇప్పటి అమెరికన్ కార్లలో వెనక చక్రాలు దేనికది విడిగా ఆడతాయనీ, బ్రేకులు మారాయనీ, మలుపుల్లో కూడా జపాన్, జర్మన్ కార్లకు తీసిపోవనీ చేతులు తిప్పుతూ చెప్పేవాడు. ఎన్ని మార్చినా బరువు బరువేననీ, మలుపు దగ్గర అది తిన్నగా పోదామనే చూస్తుందనీ మదాము పాఠం చెప్పినట్టు చెప్పేవారు. వడ్డిస్తూ వినీవినీ నాకు అరబీలో ఉప్పు, పప్పు కన్నా ముందు బ్రేకు, మలుపు అన్న మాటలు వచ్చాయి. ఒకరోజు వాదన ముదిరాక ఫహద్ ఉన్నట్టుండి మెత్తబడి, ఇలాంటి ఇంజన్లు ఇక చెయ్యరట అక్కా, అన్నీ కరెంటు కార్లే అవుతాయట, ఒక్కసారి నడిపి చూడమని తాళాలు ముందుకు జరిపాడు. ఆమె తాళాల్ని మళ్లీ అతని వైపే తోసేశారు. క్లచ్చు తొక్కే కారు తనకొద్దన్నారు.

ఆ మరుసటి ఏడాది ఫహద్ ఎడమకాలితో కుంటడం మొదలుపెట్టాడు. బంతాటలో దెబ్బ తగిలిందనుకున్నారు. తొడ ఎముకలో క్యాన్సరని తేలింది. అతనికి ముప్పై నిండలేదు, పెళ్లి మాటలు జరుగుతున్నాయి. ఆపరేషన్ అయ్యాక ఆ కాలితో క్లచ్చు తొక్కే బలం పోయింది. అమెరికన్ కారు మీద గుడ్డ కప్పి గోడ పక్కన పెట్టేశారు. ఆసుపత్రికి వెళ్లాల్సిన ప్రతిసారీ మదాము తన కారులో తీసుకెళ్లేవారు. తోడుగా వెనక సీట్లో నేనుండేదాన్ని. మొదట్లో అతను దారంతా కుట్టుమిషనంటూ వెక్కిరించేవాడు. పోనుపోను వెక్కిరించడం మానేశాడు. ఆ మౌనం ఆమెకు అతని మూలుగు కన్నా కష్టంగా ఉండేదని నాకు తెలుసు. ఇంటికొచ్చాక వంటింట్లో నా పక్కన ఊరికే నిలబడేవారు.

ఇక మందులు పనిచెయ్యవని డాక్టర్లు చెప్పిన వారం, బడి నుంచి వస్తూనే ఆమె నన్ను కారెక్కమన్నారు. తిన్నగా గ్యారేజీల వీధికి వెళ్లాం. ఫహద్ కారును మొదటి నుంచీ చూసే మెకానిక్కు మల్లేశం, జగిత్యాల మనిషి. అతను ఇంటికొచ్చి బ్యాటరీ మార్చి, కారును బడి వెనక మైదానంలోకి తెచ్చిపెట్టాడు. నడపడం నేర్పమని మదాము అడిగారు. అతనికి అరబీ అంతంతమాత్రం, నడుమ నేను మాట అందించాను.

"అక్కా, మేడంకు జెప్పు," అన్నాడు మల్లేశం. "క్లచ్చు మీది కాలు ఒక్కసారే ఇడిస్తె బండి ఆగిపోతది. మెల్లగ ఇడువాలె. బండి గుంజుడు కాలికి ఎరుకైతది. గప్పుడు రేసు ఇయ్యాలె."

కారు ఆగిపోయింది. మళ్లీ ఆగిపోయింది. వందమంది ముందు నిలబడి పాఠం చెప్పే మనిషి చెమటలు పట్టి, స్టీరింగు పట్టుకుని తల వంచుకున్నారు. ఇంటికి పోదామా అని అడిగాను. తల అడ్డంగా ఊపి మళ్లీ తాళం తిప్పారు. ఆ వారమంతా సాయంత్రాలు మైదానంలోనే గడిచాయి. పిల్లలు గోడ మీద కూర్చుని చూసేవాళ్లు, ఫహద్‌కు చెప్పొద్దని వాళ్ల చేత ఒట్టు వేయించారు.

ఒక శుక్రవారం పొద్దున ఆమె ఆ కారును అతని గది కిటికీ కిందికి తెచ్చి ఆపారు. ఇంజను ఆపలేదు. నేను పైకి వెళ్లేసరికి ఫహద్ మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎవరు నడుపుతున్నారని అడిగాడు. మీ అక్క అన్నాను. చొక్కా మార్చుకోవాలి, సాయం చెయ్యమన్నాడు.

వెనక సీటు పేరుకే సీటు, మోకాళ్లు గడ్డానికి తగిలేలా మందులూ నీళ్లూ పట్టుకుని కూర్చున్నాను. అభా నుంచి కింది మైదానానికి దిగే ఘాట్ రోడ్డంతా సొరంగాలూ మలుపులూ. కుదుపుకు కాలు నొప్పి పుడుతుందని, ప్రతి మలుపుకూ ముందే ఇప్పుడు కుడికి, ఇప్పుడు ఎడమకు అని చెబుతూ ఆమె కారును దించారు. ఈ కారు పుట్టాక ఇంత నెమ్మదిగా ఎవరూ నడపలేదని ఫహద్ అన్నాడు. ఎన్ని నెలలకో నవ్వాడు. కింద రోడ్డు తిన్నగా, ఖాళీగా పడుకుని ఉంది.

"మూడో గేరు," అన్నాడతను. "ఇప్పుడు తొక్కు."

ఆమె తొక్కారు. వీపులు సీట్లకు అతుక్కుపోయాయి. ఆ గర్జన అద్దాల్లో, ఎముకల్లో నిండిపోయింది. కాసేపటికి వేగం తగ్గించి రోడ్డు పక్కకు తీసి ఆపారు.

"ఏమంటావు?" అని అడిగాడు ఫహద్.

ఆమె అన్నారు: "మలుపుల్లో నా కారే మేలు. ఆ మాట నేను మార్చుకోను. కానీ నువ్వు దీన్ని ఎందుకు ప్రేమించావో ఇప్పుడు తెలిసింది."

అతను కళ్లు మూసుకుని, "ఇంకోసారి తొక్కు," అన్నాడు.

రంజాన్ మొదలవకముందే ఫహద్ పోయాడు. కారును ఎవరికో ఒకరికి అమ్మేద్దామని ఇంట్లోవాళ్లు తొందరపడ్డారు. మదాము కొనడానికి వచ్చిన ప్రతి కుర్రాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని, ఇందులో నీకేం నచ్చిందని అడిగేవారు. చప్పుడు వింటూ మాట మరిచిపోయిన ఒకతనికి ఇచ్చారు. కారు గేటు దాటాక కప్పిన గుడ్డను తానే మడత పెట్టారు.

ఆ తర్వాత నన్నూ ఆడవాళ్ల డ్రైవింగు బడికి పంపారు. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డులో నా పని 'పని మనిషి' పోయి 'డ్రైవరు' అయింది. ఆమె భర్తకు బదిలీ అయి కుటుంబం దూరదేశం వెళ్లినప్పుడు, నన్ను రియాద్‌లో తెలిసినవాళ్ల ఇంట్లో కుదిర్చి వెళ్లారు. అయినా ఆమె నుంచి నేను తెచ్చుకున్నది డ్రైవింగు ఒక్కటే అంటే అబద్ధమవుతుంది.

పోయిన నెల రాయచోటి నుంచి నా కూతురు ఫోన్ చేసింది. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలు రాయననీ, పెళ్లిళ్లకు ఫొటోలు తీసే పని నేర్చుకుంటాననీ చెప్పింది. ఊరూరూ తిరిగే పని, మగపిల్లల పని. వద్దన్న మాట నా గొంతుదాకా వచ్చింది. అవతల అది ఎదురుచూస్తోంది.

"నాకు ఆ పని గురించి ఏం తెల్దు పాపా," అన్నాను. "మొదుట్నించి చెప్పు. కెమెరా ఎట్ల పట్టుకోవల్లో కాడ్నించి చెప్పు."

అది చెప్పడం మొదలుపెట్టింది. సగం అర్థం కాలేదు. అర్థం కానిచోటల్లా ఆపి, మళ్లీ చెప్పించుకున్నాను.