బావ సైకిలుకి సైరన్

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మీరు లాంతర్లనీ ఎడ్లబళ్ళనీ ఊహించుకుంటారేమో, అంత వెనక్కి వెళ్ళక్కర్లేదు. అందరి చేతుల్లో ఫోన్లున్న రోజులే. నాకు ఇరవై ఏళ్ళు. ఐటీఐ పూర్తిచేసి, ద్వారకా నగర్లో బస్ కాంప్లెక్స్ వెనక ఓ ఆటో ఎలక్ట్రికల్ షాపులో పనికి చేరాను. రెండు వైర్లు కలిపితే దీపం వెలగడం చూసి, లోకంలో ఏ కష్టమైనా రెండు వైర్లు కలిపితే తీరిపోతుందని గట్టిగా నమ్మిన వయసు. ఆ నమ్మకం ఎవరి గుమ్మం దాకా వెళ్ళిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నవ్వొచ్చిన చోట నవ్వండి, నేనేమీ అనుకోను.

మా అప్ప, అంటే అక్క, ఆవిడ మొగుడు మా బావ సైకిలు మీద చేపలమ్మేవాడు. (మావైపు బావ బామ్మర్దిని కూడా బావా అనే పిలుస్తాడు. అందుకని మా ఇంట్లో ఎవరు ఎవరిని పిలుస్తున్నారో గొంతును బట్టి తెలుసుకోవాలి.) తెల్లారేసరికి హార్బరుకి పోయి, ట్రేలో ఐసు ముక్కల మధ్య చేపలు సర్దుకుని, సింహాచలం వెళ్ళే దారిలో ఉన్న ఓ కాలనీ దాకా తొక్కుకుంటూ పోయేవాడు. కాలనీ మొదట్లో నిలబడి "సేపలో... సేపలు!" అని ఒక్క కేక వేస్తే ఆఖరి వీధిలో ఆడవాళ్ళు గిన్నెలు అందుకునేవారు. మా పేటలో అందరూ ఆయన్ని మైకు అనేవారు. ఆ మైకుకే గొంతులో గడ్డ లేచింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి మనిషిని నిలబెట్టారు గానీ గొంతు పోయింది. మిగిలింది ఓ గుసగుస, అదీ పక్కన కూర్చున్నవాళ్ళకే వినిపించేది.

కేక లేకపోతే చేపల బండి వచ్చిందని ఎవరికి తెలుస్తుంది? బెల్లు కొట్టుకుంటూ వెళితే పీచుమిఠాయి అనుకుని పిల్లలు పరిగెత్తుకొచ్చి, చేపల్ని చూసి ఏడ్చారు. రబ్బరు హారన్ నొక్కితే ఐస్‌క్రీం వాడు దెబ్బలాటకొచ్చాడు. ఆ వీధుల్లో ప్రతి చప్పుడికీ ఓ సొంతదారుడున్నాడు మరి. గొంతు రికార్డు చేసి వినిపించే మైకు కొందామన్నాను. బావ నా చెవి దగ్గరికి వంగి, "ఇంకోడి గొంతేసుకుని నా సేపలమ్మాలేటి బావా?" అన్నాడు. ఇక ఆ మాట ఎత్తలేదు. రోజూ సగం చేపలు ఇంటికే తిరిగొచ్చేవి. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.

అప్ప ఓ రోజు నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఒరే, పొద్దున్న ఒక్క గంట ఆయనెనకాల ఎల్లి కేకెయ్రా. తరవాత నీ షాపుకి నువ్వు పోదువు గాని" అంది. ఆ కాలనీలో నాతో ఐటీఐ చదివినవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళలో ఒకడి చెల్లెలు నన్ను చూసి రెండుసార్లు నవ్వింది. (నా జుట్టు చూసి నవ్విందని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.) ఆ పిల్ల ముందు చేపలూ అని అరవాలా? "పొద్దున్నే షాపు నానే తియ్యాలప్పా" అని పచ్చి అబద్ధం ఆడేశాను. అప్ప నా మొహం చూసి, పొయ్యివైపు తిరిగింది.

ఆ అబద్ధం లోపల కెలుకుతూంటే, షాపు మూల తుక్కులో పడున్న పాత అంబులెన్స్ సైరన్ కంటపడింది. ఓనరు "తీసుకుపో, ఎలకలు కొరికేత్తన్నాయి" అన్నాడు. పాత మోటార్ సైకిలు బ్యాటరీ ఒకటి సంపాదించి, సైకిలు హేండిల్‌కి సైరన్ బిగించి, స్విచ్ బావ బొటనవేలికి అందేలా పెట్టాను. మొదటిసారి నొక్కగానే మా పేట కుక్కలన్నీ ఏకమై సముద్రంవైపు పరిగెత్తాయి. బావ మొహంలో ఎన్ని నెలల తర్వాతో నవ్వు చూశాను. నేను కేకెయ్యక్కర్లేదన్న సంబరం నాకు అంతకంటే ఎక్కువ.

మొదటి రోజు కాలనీ గొల్లుమంది. "ఓలమ్మో, ఎవులికేటయిందే!" అంటూ ఇళ్ళల్లోంచి బయటపడి, చేపల్ని చూసి కాసేపు తిట్టి, ఆ తర్వాత వంజరం చేపకి బేరమాడారు. వారం తిరిగేసరికి సైరన్ వినపడితే గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి రావడం అలవాటైపోయింది. ట్రే ఖాళీగా ఇంటికొచ్చేది. బావ గోడవైపు తిరగడం మానేశాడు.

ఇంతలో జంక్షన్లో ట్రాఫిక్ కానిస్టేబుల్, వచ్చేది అంబులెన్స్ అనుకుని నాలుగువైపులా బళ్ళు ఆపేశాడు. ఆ ఖాళీలోంచి మా బావ తాపీగా తొక్కుకుంటూ, ఆయనకి నమస్కారం కూడా పెట్టి దాటాడు. గంట తర్వాత సైకిలు, బావ, ఫోన్ చేస్తే ఊడిపడ్డ నేను, ముగ్గురం స్టేషన్లో ఉన్నాం.

"ఏటిది? నీ సేపలకి సీరియస్సా?" అన్నాడు కానిస్టేబుల్. ఎస్సైగారు రూల్సు పుస్తకం తెప్పించారు. అంబులెన్సుకీ ఫైరింజనుకీ పోలీసులకీ తప్ప సైరన్ ఉండకూడదని అందులో ఉంది. కానీ అదంతా మోటారు వాహనాల గురించి. "సైకిలుకి మోటారేదండి?" అన్నాను. "బ్యాటరీ ఉంది కద్సార్" అన్నాడు కానిస్టేబుల్. "బ్యాటరీ సక్రం తిప్పట్లేదు కద్సార్, మా బావ తొక్కుతన్నాడు" అన్నాను. ఎస్సైగారు లేచి వచ్చి, వంగి, చక్రాలు తిప్పి చూశారు. ట్రేలోంచి కారిన ఐసు నీళ్ళు ఆయన బూటు మీద పడ్డాయి. న్యూసెన్స్ కేసు పెట్టొచ్చు గానీ కాలనీ నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు.

చివరికి ఆయన పుస్తకం మూసి, "చట్టం సంగతి వదిలెయ్యి తమ్ముడూ. నా మాట విని అది తీసెయ్యి. ఆ చప్పుడు ఒక పనికోసం ఉంది" అన్నారు, నెమ్మదిగానే. నేను ఊరుకోవచ్చు కదా. "పుస్తకంలో లేదు కద్సార్" అన్నాను. ఆయన వెళ్ళమని చెయ్యి ఊపారు. పేటలో ఆ సాయంత్రం నేను లాయరు కంటే ఎక్కువైపోయాను. నలుగురు నాతో టీ తాగించి ఆ కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

ఆ వచ్చిన ఆదివారం షాపు సెలవు. నా ప్రయోజకత్వం చూసుకుందామని బావతో బయల్దేరాను. కాలనీకి కాస్త ముందు సైకిలు పంక్చరైంది. అతుకు వేయిస్తూ నిలబడ్డాం. అంతలో ఓ అసలైన అంబులెన్స్ సైరన్ మోగించుకుంటూ మమ్మల్ని దాటి కాలనీవైపు తిరిగింది. "బావా, నీ తమ్ముడు పోతన్నాడు!" అని నవ్వాను. బావ నవ్వలేదు. పంక్చరు పని సగంలో వదిలేసి, సైకిలు అక్కడే పడేసి, పరుగెత్తాడు.

వెళ్ళేసరికి అంబులెన్స్ రెండో వీధి మొదట్లో ఆగిపోయి ఉంది. ఆదివారం కదా, ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని రోడ్డు మీద నిలబడున్నారు, చేపలెక్కడా అని చూస్తూ. దారికి అడ్డంగా ఉన్న స్కూటర్లని ఎవరూ తీయలేదు. ఇళ్ళల్లో మగవాళ్ళంతా "సేపలోడేలే" అనుకుని పేపర్లు చదువుకుంటున్నారు. వీధి చివర, స్టీలుప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన పెద్దాయన ఇంటి ముందు, ఆయన భార్య రెండు చేతులూ ఊపుతూ అరుస్తోంది. బావ ఒక్కో స్కూటర్నీ ఎత్తి పక్కకి విసిరినట్టు పెట్టాడు. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు, చప్పుడు రావట్లేదు. నేనూ రెండు స్కూటర్లు జరిపాను. అరవడం నాకెందుకో తట్టలేదు.

పెద్దాయన మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. మెదడులో నరం పెద్దదే చిట్లిందనీ, వీధి మొదట్లో ఆగిన ఆ నాలుగు నిమిషాలూ కలిసొచ్చినా లాభం లేకపోయేదనీ డాక్టర్లు చెప్పారట. నిజమే అయుంటుంది, ఓదార్పు కూడా అయుంటుంది. బావ సైరన్ విప్పి నా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి నేనూ వెళ్ళాను, ఎవరూ పిలవకుండానే. వెళ్ళానంటే సైకిలు తోశాను, అంతే. నోరు మాత్రం పెగల్లేదు. సిగ్గు పోయి భయం పట్టుకుంది, ఆ వీధిలో మళ్ళీ మేం చప్పుడు చేయడమేమిటని. రెండో వీధి మొదటి దాకా వచ్చి వెనక్కి తిరిగేవాళ్ళం.

పెద్దకర్మ అయిన మర్నాడు పెద్దాయన భార్యే వీధి మొదటికి నడిచొచ్చింది. చేతిలో గిన్నె ఉంది. బావ సైకిలు వదిలేసి చేతులు జోడించాడు. ఆవిడ ట్రేలోకి చూస్తూ, "నిన్న ఆయన విస్తట్లో వంజరం పెడదామనుకున్నాను నాయినా. ఆయనకదే ఇష్టం. పొద్దుటినుంచి గుమ్మంలోనే కూచున్నాను, నువ్వెప్పుడు పోయావో తెలవనేలేదు. వంకాయ పెట్టాం" అంది. బావ గుసగుసగా ఏదో చెప్పబోయాడు, ఆవిడకి వినపడలేదు. "ఆ కూత పెట్టకు, నాను వినలేను. నోటితో పిలవండి. మీకు నోరు లేదేటి?" అంది, నావైపు చూసి.

అప్పుడు అరిచాను. "చేపలండీ!" అని, బడిలో హాజరు పలికినట్టు, గొంతు మధ్యలో చిట్లి. ఎక్కడో మేడ మీద ఆడపిల్లలు పకపకా నవ్వారు. అందులో ఆ పిల్ల కూడా ఉందో లేదో తలెత్తి చూడలేదు. బావ భుజాలు కదుపుతూ నవ్వాడు, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. వంజరం ముక్కలు కోసి ఆవిడ గిన్నెలో పెట్టాడు.

రెండేళ్ళు అలా తిరిగాం. ఆ తర్వాత గడ్డ మళ్ళీ వచ్చింది, ఈసారి బావని ఉంచలేదు. ఇప్పుడు నాకు సొంత షాపుంది, పొట్ట కూడా వచ్చింది. ఎంత నేర్చుకున్నా నాకు చేప కోయడం రాలేదు, బేరం రాలేదు. కేక మాత్రం వచ్చింది. చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుంటే బావ నా చెయ్యి పట్టుకుని, "ఓసారి ఎయ్యరా" అనేవాడు. ఆసుపత్రి వార్డులో, నర్సులు తిడుతున్నా, వేసేవాణ్ణి.