రెండో కేసెట్టులో మా ఇంటి రాగం

జనరేటరు పొగ, వాడిన కనకాంబరాలు కలిసిన వాసన తగిలితే నాకు ఇప్పటికీ మా చిన్నాయన పెళ్లే గుర్తొస్తుంది. మొన్న గిద్దలూరులో బంధువుల పెళ్లి ఊరేగింపులో ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, పెళ్లికొడుకు కారు వెనకాల పెద్ద పెద్ద సౌండు పెట్టెల్లోంచి ఆ పాటే మొదలైంది. చటుక్కున తల తిప్పి చూశాను. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మా సుబ్బరత్నం అత్త కూర్చుని ఉంది. ఆ పాట పాడింది ఆమే.

అర్ధవీడు దగ్గర మా ఊళ్లో మాది గొర్రెల ఇల్లు. ఎండాకాలం సెలవుల్లో మార్కాపురం నుంచి ఎవరో తెచ్చిన పలక ముక్కలతో తొక్కుడుబిళ్ల ఆడి ఆడి, మంద దుమ్ము లేపుకుంటూ ఇల్లు చేరే వేళకు మేమూ చేరి, అవ్వ పొయ్యి మీద కాలుస్తున్న జొన్నరొట్టె వాసనకు గోడవారన వరసగా కూలబడేవాళ్లం. నాయన చెల్లెలైన మా అత్త చెత్త ఊడ్చినా, పిల్లలకు నీళ్లు పోసినా పాటే. మార్కాపురంలో గోడలకు గోనెసంచులు కొట్టిన ఒక గదిలో ఆమె పాడిన డ్యాన్సు పాటల మొదటి కేసెట్టు టీ బంకుల్లో, ట్రాక్టర్ల మీద, కురిచేడు దాకా మోగిపోయింది. అట్ట మీద నల్ల కళ్లద్దాలతో అత్త ఫొటో చూసి మేం పిల్లలం నేల మీద నిలిచేవాళ్లం కాదు.

ఆ సందడిలోనే తాత పోయాడు. అత్త దర్శిలో ప్రోగ్రాముకు పోయి ఉంది, కబురు అందలేదు, ఆ ఎండకు శవాన్ని ఆపలేక మట్టి చేసేశారు. మా ఇళ్లలో మనిషి పోతే ఆడవాళ్లు ఊరికే ఏడవరు. పోయినవాళ్ల మంచీచెడ్డా తలుచుకుంటూ రాగం తీసి శోకం పెడతారు. ఒక్కో ఇంటికి ఒక్కో రాగం, వీధి చివర నుంచి విన్నా ఏ ఇంట్లో చావో తెలిసిపోతుంది. మర్నాడు పరిగెత్తుకుంటూ వచ్చిన అత్త గడపలోనే గొంతెత్తబోతే, శవం లేని ఇంట్లో శోకం కీడని అవ్వ ఆమె నోరు మూసింది. దినం అయ్యేదాకా అత్త ఒక మూలన ఏడవకుండా కూర్చుంది.

తర్వాత రెండో కేసెట్టు వచ్చింది. పేపరు జిల్లా పేజీలో ఎవరో పెద్దమనిషి దాన్ని తెగ మెచ్చుకుంటూ, గొంతు ముదిరి రుచికెక్కిందనీ, అందులో మూడో పాట పెళ్లి ఊరేగింపులకే పుట్టిందనీ రాశాడు. దాన్ని అత్తకు చదివి వినిపించింది నేనే. అత్త నవ్వలేదు, పేపరు మడిచి ఇచ్చేసింది.

ఆ ఏడే మా చిన్నాయన పెళ్లి. భక్ష్యాలు కాల్చిన నెయ్యి వాసన ఇంటినిండా కమ్ముకుని ఉంది, కొత్త జంటకు దిష్టి తీసే ముత్తైదువలకు అందించడానికి అవ్వ ఎర్రనీళ్ల పళ్లెంతో గడపలో నిలబడింది, ట్రాక్టరు మీద కేసెట్టు మోగుతుంటే కుర్రాళ్లు ఈలలేస్తూ ఎగురుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లెవరూ అప్పటిదాకా వినని మూడో పాట మొదలైంది. అవ్వ చేతిలో పళ్లెం ధన్‌మని కింద పడి, ఎర్రనీళ్లు ఆమె పాదాల మీదుగా పారాయి.

“ఆపండ్రా! నా మొగుని మీద పెట్టిన శోకానికి ఎగురుతాండారేందిరా!”

అరిచింది అవ్వేనంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ముసలమ్మలంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ప్రేమ మాటల కింద, డ్రమ్ముల కింద, అచ్చంగా మా ఇంటి చావు రాగమే! పెళ్లి గడపలో! ఎత్తిన చేతులు ఎత్తినట్టే కుర్రాళ్లు ఆగిపోయారు. కొత్త కోడలు బెదిరిపోయి ఏడుపు అందుకుంది.

“మాటలు మార్చినా గదమ్మా,” అంది అత్త.

“రాగం మార్చినావా?”

“నాయన కోసం నేనెప్పుడు ఏడవాలమ్మా? ఏడవనిచ్చినావా నువ్వు?”

“నా గడప తొక్కబాక,” అంది అవ్వ.

ఆ రోజు భక్ష్యాలు ఎవరూ ముట్టలేదు. మాట ఊళ్లకు పాకి, దుకాణాల వాళ్లు కేసెట్లు వాపసు పంపారు, అత్తను పాటకు పిలిచినవాడు లేడు. మూడో కేసెట్టు రాలేదు. అవ్వ పోయేదాకా తల్లీకూతుళ్ల మధ్య మాటల్లేవు, నాకు అదే ఇప్పటికీ మింగుడుపడదు.

మొన్న గిద్దలూరులో ఆ పాటను ఎక్కడి నుంచి పట్టారో, డ్రమ్ములు ఇంకా దట్టించి వేశారు. ఎవరో ఒకరు అరుస్తారని బిక్కుబిక్కుమంటూ చుట్టూ చూశాను. అందరికందరూ ఎగురుతున్నారు, మా వైపు ముసలమ్మలు కూడా ఫోన్లు ఎత్తి వీడియోలు తీసుకుంటున్నారు. ఇప్పుడు మనిషి పోతే అద్దాల ఫ్రీజరు పెట్టె చుట్టూ కుర్చీలేసుకుని కూర్చోవడమే తప్ప, శోకం పెట్టేవాళ్లేరి?

పాట అయిపోయింది. కుర్రాళ్లు మళ్లీ అదే వేయమని గోల చేశారు.

“బాధగా ఉందా అత్తా?” అన్నాను.

“ఇంతమందిలో ఒక్కరన్నా ఆపమన్నారా పాపా?” అంది అత్త, వాళ్ల వంకే చూస్తూ. “ఆ పొద్దు మా అమ్మ ఒక్కతే విన్నది నా పాట.”