పొలుసు లేని చేపకు బేరం

పెనుబల్లి దగ్గర మా చెరువులో మేం పెంచేది మార్పు చేప. మీసాలుంటాయి, ఒంటిమీద పొలుసు ఉండదు. తడి గోనెపట్టా కప్పితే చాలు, నీళ్లు లేకున్నా చాలాసేపు బతుకుతుంది. అంత గట్టి ప్రాణాన్ని, మా చేపలు కొనే ఏజెంటు ప్రతి ఏడూ కార్తీకంలోనే పట్టించేవాడు.

"ఈ నెలల ఎవడు తింటడు తాతా? ఇచ్చిన కాడికి తీసుకో" అనేవాడు. తినే నెలలో రారాదా అంటే, అప్పుడు వ్యాన్ ఖాళీ ఉండదట!

విసిగిపోయి మా ఇంటావిడ చెరువు పూడ్చి పామాయిల్ పెడదామని పట్టుబట్టింది. నర్సరీ అతనితో మాట్లాడేసింది కూడా. వచ్చే వేసవే గడువు.

ఒకరోజు కల్లూరులో ఐసుపెట్టెలో మార్పు చేపలు చచ్చి పడి ఉన్నాయి. ఎక్కడివని అమ్మేవాణ్ణి అడిగాను.

"ఖమ్మం మార్కెట్‌వి."

"ఖమ్మానికి ఎక్కడినుంచి వచ్చినయి?"

"మీ పెనుబల్లి దిక్కు నుంచే. ఏంది తాతా, చేపలకు ఆధార్ కార్డు గిట్ల అడుగుతవా?"

నాకు ఒళ్లు మండింది. బతికిన చేప కల్లూరు మీదుగానే ఖమ్మం పోయి, అక్కడ చచ్చి, ఐసెక్కి, మళ్లీ కల్లూరే వస్తోందన్నమాట! ఇదేం దారి? ఇది ఎవరి తెలివి?

అప్పటినుంచి ఏ ఇంట్లో ఏ నెలలో ఏం తింటారోనని కనబడ్డ వాళ్లనల్లా అడగడం మొదలుపెట్టాను. అడుగుతుంటే చిన్ననాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో కల్లూరు క్రైస్తవుల ఆడవాళ్లు శుక్రవారం పూట మా ఊరికి ఎండుచేపల కోసం వచ్చేవారు. ఆ రోజు మాంసం ముట్టరు, చేప తింటారు.

ఆ కార్తీకంలో ఏజెంటును వెనక్కి పంపేశాను. ఉపవాసాలు వచ్చాక, ఒక శుక్రవారం పొద్దున్నే చేపల తొట్లు ఆటోలో పెట్టించుకుని కల్లూరు వెళ్లి, కనబడ్డ మొదటి చర్చి పక్కన దించాను.

ఒకామె పట్టా ఎత్తి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయ్యో తాతా, పొలుసు లేదు గదా! రెక్కలు, పొలుసులు రెండూ ఉంటేనే మేం తింటం. బైబిల్ల గట్లనే ఉంది."

"శుక్రవారం మీరు చేపే తింటారు గదమ్మా?"

"గది మేం కాదు. మేం శనివారం ప్రార్థన చేసుకునేటోళ్లం. నీకు కావల్సింది మరియమ్మ గుడోళ్లు. వెనక బజార్ల ఉంటరు పో." నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంత వయసొచ్చింది, ఏ గుడి ఎవరిదో తెల్వదా?"

నిజమే. నాకు చర్చిలన్నీ ఒక్కటే అనిపించేవి.

వెనక బజారులో తొట్లు దించగానే ఆడవాళ్లు మూగారు.

"బతికున్నయా, రాత్రి చచ్చినయా?"

అడిగినామె వేలితో పొడిచింది. చేప ఎగిరి పక్కనున్న మురుగు మోరీలో పడింది. అరుపులు, నవ్వులు. ఒక ముసలమ్మ జారకుండా పొయ్యిలో బూడిద చేతులకు పూసుకొచ్చి దాన్ని ఒడిసి పట్టింది.

"ఈస్టర్ దాకా ప్రతి శుక్రవారం తెస్తవా? తేనంటే ఇప్పుడే చెప్పు, మా ఐసు చేప మాకుంది" అంది.

ఇంట్లో అడగకుండానే తెస్తానన్నాను.

ఇంటికొచ్చాక ఖాళీ తొట్లు చూసి మా ఇంటావిడ, "ఇంకెన్ని శుక్రవారాలున్నయయ్యా వాళ్లకు?" అని అడిగింది. ఈస్టర్ దాకా ఉన్నాయన్నాను. వేళ్లమీద లెక్కపెట్టుకుని నర్సరీకి ఫోన్ కలిపింది.

"మొక్కలు ఇప్పుడే పంపకు. ఈస్టర్ అయినంక చూద్దాం."

అవతల అతను ఏమడిగాడో గాని, ఆమె గొంతు పెంచింది.

"మేమెందుకు క్రైస్తవులమైతం? మా చేపలు తినేటోళ్లు దొరికిన్రు!"