గొలుసుకు పెట్టిన పరీక్షే కేబుళ్లకూ

2022 వేసవిలో మాచర్ల వైపు ఒక మండలానికి నన్ను సర్వేయరుగా వేశారు. రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉంది. భూముల రీసర్వే జోరుగా సాగుతోంది. ఉపగ్రహాల సంకేతాలతో హద్దులు గుర్తించే రోవర్ అనే పరికరంతో పొలం మూలమూలా కొలిచి, ఆ కొలతలను ఆఫీసు కంప్యూటర్‌లోకి దించేవాళ్లం.

కోటమ్మ అనే రైతుకూ ఆమె మరిదికీ మిరపచేల మధ్య గట్టు తగాదా ఏళ్లుగా ఉంది. ఇద్దరినీ బతిమాలి, కోప్పడి, ఒకే గట్టు మీద నిలబెట్టి కొలిచాను. మర్నాడు ఆఫీసులో కంప్యూటర్ ఆ రోవర్‌ను అసలు గుర్తించలేదు. రెండు మూడు కేబుళ్లు మార్చినా అంతే. నా పైఅధికారి డిప్యూటీ ఇన్‌స్పెక్టర్, రోవర్ చెడిందని తేల్చి, రీసెట్ చేసి మళ్లీ కొలవమన్నారు. రీసెట్ చేస్తే పాత కొలతలన్నీ పోతాయి.

విషయం తెలిసి కోటమ్మ ఆఫీసుకే వచ్చింది. "మళ్లీ కొలుస్తానంటే మా మరిది ఒప్పుకోడయ్యా. ఈసారి గట్టు మీదికి కర్రలే వస్తయ్," అంది. రీసెట్ మాటకు నాకు ఒళ్లు మండింది. సాయంత్రం దాకా రోవర్‌ను ముట్టుకోవద్దని పైఅధికారిని అడిగాను.

మా ఆఫీసులో కేబుళ్లన్నీ కిటికీ ఊచకు ఒకే కట్టగా వేలాడేవి. ఫోనుకు పెడితే చార్జింగ్ గుర్తు వచ్చిందా, అది మంచి కేబుల్ కిందే లెక్క. తప్పు కేబుళ్లదేమో అన్నాను. "చార్జింగ్ ఎక్కతా ఉంది గదా సార్, కేబుల్‌కేం రోగం?" అన్నాడు కంప్యూటర్ ఆపరేటర్.

ఇనుప గొలుసుతో పొలాలు కొలిచే రోజుల్లో, దూరం ముందే తెలిసిన రెండు రాళ్ల మధ్య గొలుసును పరిచి చూసుకునేవాళ్లం. సాగిందని తేలితే పక్కన పెట్టేవాళ్లం. కేబుళ్లకూ అదే పరీక్ష పెట్టాను. అంతకు ముందు వారమే ఆ కంప్యూటర్‌లోకి ఫొటోలు దించిన నా ఫోనును ఒక్కో కేబుల్‌తో దానికే తగిలించాను. అన్నీ చార్జింగ్ ఎక్కించాయి. పైఅధికారి ముచ్చటపడి కొన్న లావుపాటి కేబుల్ అన్నిటికన్నా వేగంగా ఎక్కించింది గానీ ఒక్క ఫొటో దాటించలేదు. మిగతావీ అంతే. వాటి లోపల కరెంటు తీగలే ఉన్నాయి, సమాచారం మోసే తీగలు లేవు. చివరికి కట్ట అడుగున ఉన్న మురికి పట్టిన పొట్టి కేబుల్ పెట్టగానే ఫొటోలు వరసగా తెర మీదికొచ్చాయి.

అదే రోవర్‌కు తగిలించాను. కోటమ్మ గట్టు మూలలన్నీ కంప్యూటర్‌లోకి దిగాయి! ఆ వయసులో కుర్చీలోంచి లేచి ఈల వేశాను. పైఅధికారి తన కేబుల్ తీసి జేబులో పెట్టుకున్నారు.

ఆ కొలతల మీదే హద్దురాళ్లు పాతాం. కోటమ్మ మరిది గడ్డపార అందుకుని తనే గుంతలు తీశాడు. పొట్టి కేబుల్‌కు తెల్లదారం, మిగతావాటికి ఎర్రదారం కట్టించాను.

పరికరం చెడిందని తేల్చే ముందు, దానికీ కంప్యూటర్‌కూ మధ్య ఉన్న తీగను అది చేయాల్సిన పనిలోనే పెట్టి చూడాలి. చార్జింగ్ ఎక్కిందంటే చార్జింగ్ ఎక్కిందనే అర్థం, అంతకు మించి ఏమీ కాదు.