వాగు దారికి అడ్డంగా ఒక ఇల్లు

ఆళ్ళగడ్డలో కూతురి దగ్గరున్న ప్లాను సారు పోయారని ఆమె ఫోన్ చేసినప్పుడు నేను స్టవ్వు మీద పాలు పెట్టి ఉన్నాను. "నిద్రలోనే పోయినాడక్కా నాయన" అంది. పాలు పొంగిపోయాయి. మా అత్త వంటింటి గడప దగ్గర కూలబడి, "నిద్రలోనా? ఆ మనిషికి కడకు నిద్ర పట్టిందా?" అంది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

నంద్యాల అంచున ఉన్న మా కాలనీలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు. లేఔట్లు మంజూరు చేసే ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు కాబట్టి ప్లాను సారు. మా కాలనీ కాగితాల మీద సంతకం పెట్టిందీ ఆయనే. తొంభైల మొదట్లో ఇదంతా జొన్నచేలు. చేల మధ్య ఒక వాగు. వాగంటే పేరుకే, ఏడాదిలో ఎక్కువ నెలలు మేకలు తిరిగే ఇసుకదారి. లేఔటులో అది పెద్ద రోడ్డయింది. రోడ్డు చివర, వాగు కుందూ నది వైపు మళ్ళే మూలలో కూడా ఒక ప్లాటు గీశారు. రిటైరయ్యాక ఆయన ఏరికోరి ఆ మూల ప్లాటే కొని ఇల్లు కట్టుకున్నారు. వాస్తు బాగుందేమో అనుకున్నాం, మా తెలివి అంత!

మా గృహప్రవేశానికి అందరూ గోడ గడియారాలూ స్టీలు బిందెలూ తెస్తే ఈయన కొత్త వెదురు నిచ్చెన మోసుకొచ్చారు. దుడ్లు చాలక మేము మిద్దెకు మెట్లు కట్టలేదు. మా అత్త మండిపడింది. "శుభమా అని ఇల్లు చేరుతాంటే పాడె తెచ్చినట్టు తెస్తాండాడు, ఏందప్పా ఈయన!" సారు నొచ్చుకోలేదు. నిచ్చెనను పెరటి గోడకు ఆనించి, రెండు మెట్లెక్కి, బరువు ఆపుతుందో లేదో చూసి దిగారు. "తిట్టుకోమ్మా, పర్వాలేదు. దీన్ని మాత్రం ఈడ నుంచి కదిలించొద్దు" అన్నారు.

ఎవరి కొత్తింటికి పోయినా ఆయన దేవుని గది చూడరు, వంటిల్లు చూడరు. "మిద్దె ఎక్కేదానికి మెట్లు యాడ?" అదొక్కటే ప్రశ్న. ఆయన్ని చూడగానే పిల్లలు "మెట్లు యాడ, మెట్లు యాడ" అని వెక్కిరించేవాళ్ళు. ఆయనా నవ్వేవారు. సాయంత్రాలు గొడుగు పట్టుకుని రోడ్డు పొడవునా నడిచేవారు, ఎండాకాలంలో కూడా. నడిరోడ్డున ఆగి నల్లమల వైపు చూసేవారు. "ఏం చూస్తాండారు సార్, మబ్బే లేదు గదా" అంటే, "ఈడ లేకపోతే ఏమ్మా, ఆడ ఉంది" అనేవారు.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వానాకాలం. ఒక తెల్లవారుజామున మా కాలనీలో చినుకు లేదు, వానంతా కొండల్లో పడింది. దబదబా తలుపులు బాదుతూ సారు గొంతు: "లేయండి! సామాను వదిలేసి మిద్దె ఎక్కండి!" రోడ్డంతా ఎర్రనీళ్ళు. మూలనున్న ఆయన ఇంటికే కొట్టుకుని, పోయే దారి లేక, వెనక్కి తిరిగి మా కిటికీల దాకా లేచాయి. పాడె అని తిట్టిన నిచ్చెన మీదే మా అత్త "నాయనా, నాయనా" అంటూ ఎక్కింది. మా పిల్లలు ఈ రోజు బతికున్నారంటే ఆ మనిషి పుణ్యమే.

ఎదురుగా రేకుల షెడ్డులో రుద్రవరం నుంచి కూలికి వచ్చిన ఒకామె బాడుగకుండేది. సారు ఆమెనూ లేపారు. ఆమె బయటికొచ్చి చుట్టూ చూసి, "నేను యాడికెక్కాల సార్?" అంది. రేకులు మనిషిని మోయవు. ఆయన ఆమె చెయ్యి అందుకునేలోపే నీళ్ళు ఆమెను లాక్కుపోయాయి. ఆ మాట మిద్దె మీదున్న మా అందరికీ వినబడింది.

ఆ తర్వాత ఆయన ఎవరినీ మెట్ల సంగతి అడగలేదు. ఒక మధ్యాహ్నం మజ్జిగ తీసుకుపోతే గేటు వైపే చూస్తూ, "ఆయమ్మ వచ్చి నిలబడతాంది. అదే మాట అడుగుతాంది. ఏం చెప్పాలమ్మా నేను?" అన్నారు. ఎండ మండిపోతోంది, గేటు దగ్గర పిట్ట కూడా లేదు. అయినా నేనూ అటే చూశాను. ఇప్పటికీ ఆ దారిన నేను ఒంటరిగా పోను.

"నీళ్ళకు దారి మూసి మనుషులకు నిచ్చెనలిస్తే ఏం లాభం?" అని, తన ఇల్లు కూలగొట్టి ఆ మూల తెరవడానికి కూలీలను మాట్లాడుకున్నారు. కాలనీ మగవాళ్ళంతా పోయి గేటు ముందు కూర్చున్నారు. వాళ్ళకు ముందు మా ఆయన. "సార్, వాగులో ఉందని మీ ఇల్లు మీరే కూలగొట్టుకుంటే మా ఇండ్లు ఎవడు కొంటాడు? మాకుండేది ఇదొక్కటే గదా." అందులోనూ అబద్ధం లేదు. సారు కూలీలను పంపేశారు. తర్వాత నాతో అన్నారు: "లేఔటు వేసిన పొద్దు మంచోళ్ళే వచ్చి, ఆ మూల ప్లాటు తీసేయొద్దు సార్ అన్నారు, సంతకం పెట్టినా. ఆ ముంపు ఇంకొకరికి తగలగూడదని ఆ ప్లాటు నేనే కొంటి. ఈ పొద్దూ మంచోళ్ళే అడిగినారు, ఊరుకుంటి. చెడ్డోళ్ళు అడిగింటే కాదందునేమో."

ఆయన తప్పును కప్పిపెట్టి పొగడాలని నాకు లేదు. కప్పిపెడితే ఆయనే ఒప్పుకోరు.

కర్మాంతరం అయ్యాక కూతురు ఆళ్ళగడ్డ నుంచి వచ్చింది. గేటు ముందు మళ్ళీ అందరూ చేరారు. "నాయన కూలగొట్టమని చెప్పి పోయినాడు" అంది. మా ఆయన పాత పాటే ఎత్తుకున్నాడు. ఆ పిల్ల గొంతు పెంచలేదు. ఇంటి తాళంచెవి అరచేతిలో పెట్టి చాపింది.

"ఇల్లు గట్టిదే అన్నా. బాడుగ కూడా వద్దు. ఈ వానాకాలం మీలో ఎవరన్నా పెండ్లాం బిడ్డల్ని తెచ్చుకొని ఈడ పండుకోండి. అట్లయితే కూలగొట్టను."

ఒక్కరూ చెయ్యి చాపలేదు. మా ఆయన ఆ తాళంచెవిని చూశాడు, మా పిల్లలను చూశాడు, గిరుక్కున తిరిగి మా ఇంట్లోకి పోయాడు. అలిగాడనుకున్నాను. గడ్డపార తీసుకుని బయటికొచ్చాడు.

ఇప్పుడు ఆ మూలన సారు పడకగది గోడ ఒక్కటే మిగిలింది, పక్కింటికి ఆనుకుని. నీలం సున్నం, చొక్కా తగిలించుకునే మేకు. మొన్నటి వానకు నీళ్ళు రోడ్డు వెంట వచ్చి, మా గడపల వైపు తిరగకుండా, ఆ గోడను రాసుకుంటూ కుందూ వైపు పోయాయి. మేమందరం మిద్దెల మీద నిలబడి చూస్తూ ఉండిపోయాం.