నాన్న సైకిలుకి చేతి బ్రేకులు

నాన్న వంతెన దిగువన పడిపోయాడని నాకు మొదట చెప్పింది అక్కుపల్లి నుంచి చేపలు తెచ్చే ఆవిడ. “ఓలమ్మా, బ్రేకు పట్టనేదట!” అంది, గంప దించకుండానే.

ఆయనది పాతకాలపు సైకిలు. పెడలు వెనక్కి తొక్కితేనే ఆగేది. మోకాళ్లు అరిగాక, నా పోరు పడలేక, పలాసలో ఒక మేస్త్రి చేత ఆ పాత బ్రేకు తీయించి చేతి బ్రేకులు వేయించుకున్నాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకూడదని, పడవలకి పూసినట్టే, మర్నాడు పొద్దున్న నేను చెయ్యి పొక్కకుండా గుడ్డ చుట్టుకుని రిమ్ములకి జీడిపిక్కల పెంకుల నుంచి తీసే జీడినూనె పూశాను. ఆయనకి చెప్పలేదు. ఆ జిడ్డు మీద బ్రేకు రబ్బర్లు జారిపోయాయి.

తుంటి విరిగినా ప్రాణం దక్కింది. అందుకు ప్రభువుకి ఈరోజుకీ స్తోత్రం చెప్పుకుంటాను.

అన్నయ్య మేస్త్రిని మా వాకిట్లోకి లాక్కొచ్చాడు. “ఏటి బిగించినావు? ముసిలోడిని సంపేద్దారనా?”

మేస్త్రి రిమ్ముని వేలితో తడిమాడు, వాసన చూశాడు. తలుపు దగ్గరున్న నా వైపు చూశాడు. “నాదే పొరపాటు బాబూ” అన్నాడు.

నేను నోరు విప్పలేదు. మా ఊరివాళ్లు ఆయన కొట్టుకి వెళ్లడం మానేశారు. ఏడాది తిరక్కుండానే మూసేశాడు. ఎక్కడున్నాడో తెలీదు.

ఇది చదివినవాళ్లు మీ ప్రార్థనలో ఆయన్ని తలుచుకోండి. ఆయన బిగించిన బ్రేకుల్లో ఏ లోపమూ లేదు.